చివర్లో తెల్ల కాగితాలు

అమీర్‌పేటలో నా చేతిరాతకు కాస్త పేరుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. క్లాసులో చెప్పేదంతా ముందే రాసి జిరాక్స్ షాపులో ఇస్తే, కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చి ‘మేడం రన్నింగ్ నోట్స్’ అని అడిగి తీసుకుపోతారు. హెడ్డింగులు ఎర్ర ఇంకు, వాటి కింద నీలం ఇంకులో నంబర్లు వేసిన పాయింట్లు. అనవసరమైన మాట ఒక్కటి కనబడదు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నాకు తెలిసినంత బాగా ఈ గల్లీలో ఎవరికీ తెలియదని నాకు గర్వం. ఆ గర్వంతోనే మా అన్న మీద కూడా నోట్సు రాశాను. నా తప్పు అందులోనే ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. స్కిజోఫ్రీనియా అని తేలి చాలా ఏళ్ళయింది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను పాఠం చెప్పే కోచింగ్ సెంటరు వెనక గల్లీలో మూడో అంతస్తు, రెండు గదులు. గల్లీ మొదట్లో ఉన్న జిరాక్స్ షాపులో అన్న స్పైరల్ బైండింగ్ చేస్తాడు. కాగితాల కట్టను మిషన్లో పెట్టి మీట నొక్కితే అంచున వరసగా చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లోంచి ప్లాస్టిక్ చుట్టను తిప్పుకుంటూ పోయి, చివర కొస కత్తిరించి మడవాలి. షాపు యజమానిని గల్లీ అంతా భాయ్ అంటుంది. అన్న ఆరోగ్యం సంగతి ఆయనకు మొదటి రోజే చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు, చాయ్‌లో చక్కెర వేసుకుంటాడా అని.

మందులతో వచ్చే తిప్పలు మాకు కొత్త కాదు. నిద్రలో చొంగ కారి దిండు తడిసేది, రోజుకు రెండు గలీబులు మార్చేదాన్ని. చేతులు వణికేవి, అందుకే చాయ్ సగం గ్లాసు చొప్పున రెండుసార్లు పోసేదాన్ని. పొట్ట పెరిగితే ప్యాంట్లన్నీ టైలరు దగ్గర విప్పించి మళ్ళీ కుట్టించాను. పొద్దున తొమ్మిదైనా లేచేవాడు కాదు, లేపి లేపి నా గొంతు పోయేది. ఇవన్నీ డాక్టరుకు పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు పని పెంచినవన్నీ చెప్పాననిపిస్తుంది. ఆ నిద్రొక్కటి తగ్గించండి సార్ అని అడిగింది కూడా నేనే.

ఆ డాక్టరు క్లినిక్ పంజాగుట్టలో. నెలకోసారి వెళతాం. ఆయన కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నా మాట విని పాత గోలీ తీసేసి కొత్తది రాశాడు. ఏ తేడా కనబడినా చెప్పమన్నాడు.

కొత్త గోలీతో అన్న పొద్దున్నే లేవడం మొదలుపెట్టాడు. దిండు తడవడం కూడా తగ్గింది. నా సంబరం అంతా ఇంతా కాదు. మూడో వారంలో నడక మొదలైంది.

వంటింటి గడప నుంచి బాల్కనీ దాకా, బాల్కనీ నుంచి గడప దాకా. అన్నం పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి తినేవాడు. నిలబడ్డప్పుడు కూడా బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉండేవాడు. టీవీ ముందు కూర్చునేవాడు, లేచేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఏంది అన్నా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్ అని నేను నవ్వాను. అన్న నవ్వలేదు. ఆ సామెత ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు కానీ, పిల్లికి కాలు కాలిందన్న సంగతి అందులోనే ఉందని అప్పుడు తట్టలేదు.

నా నవ్వు కూడా ఎక్కువ రోజులు సాగలేదు. ఎందుకంటే మూడేళ్ళ కింద ఇలాగే మొదలైంది. అప్పుడు అన్న నాకు తెలియకుండా గోలీలు మానేశాడు. మింగినట్టు నటించి బాల్కనీలోని తులసి కుండీలో పాతిపెట్టాడు. ఈ గోలీలే నన్ను ఖరాబ్ చేస్తున్నయి అని అనేవాడు. ముందు తిరగడం, ఆ తర్వాత గొంతులు వినిపించడం. ఒకరోజు మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా ఫోనొచ్చింది. ఎర్రగడ్డ రైతుబజారులో ఉల్లిగడ్డలమ్మే ఆమె, అన్న జేబులో నా నంబరున్న చీటీ చూసి చేసింది. వెళ్ళేసరికి సంచుల మధ్య చెప్పుల్లేకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నువ్వెవరు అని అడిగాడు. అంతకంటే నన్ను భయపెట్టిన మాట నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ భయంతో ఉండగానే రాఖీ పండుగ వచ్చింది. మా ఇంట్లో పద్ధతిగా జరిగేది ఆ ఒక్క పండుగే. పీట వేసి, పళ్ళెంలో బొట్టు, అక్షింతలు, దీపం, కలాకంద్ సర్ది అన్నను పిలిచాను. వచ్చి కూర్చున్నాడు. బొట్టు పెట్టేలోపే లేచాడు. చెయ్యి పట్టి మళ్ళీ కూర్చోబెట్టాను. రాఖీ కడుతుంటే మోకాళ్ళు రెండూ ఆడుతూనే ఉన్నాయి. ముడి సగంలో ఉండగా గభాలున లేచాడు, కాలు తగిలి పళ్ళెం ఒరిగి అక్షింతలు నేలపాలయ్యాయి. రాఖీ చేతికి వేలాడుతుండగానే బాల్కనీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

“ఒక్క అయిదు నిమిషాలు కూసోలేవా అన్నా?” అన్నాను.

“కూసోవాలనే ఉంది చెల్లె. గా కొత్త గోలీ ఏసుకున్నప్పటి సంది కాళ్ళు కూసోనిస్తలేవు. లోపల ఎవరో గుంజుతున్నట్టుంటది. నేను తిరుగుతలేను, కాళ్ళే తిప్పుతున్నయి.”

ఇంతకంటే విడమరచి ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం గోలీ అనగానే తులసి కుండీ గుర్తొచ్చింది, ఎవరో గుంజుతున్నట్టు అనగానే ఆ పాత గొంతులు గుర్తొచ్చాయి. భయమేస్తే నాకు కోపం వస్తుంది. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, దానికి గోలీ లేదు.

“మళ్ళ గోలీల మీద పడ్డవా? ఈసారి మానేసినవంటే తీస్కపోయి ఎర్రగడ్డల పడేస్త. మళ్ళ చూడనీకి సుత రాను,” అన్నాను.

హైదరాబాదులో ఎవరినైనా వెక్కిరించాలంటే ఎర్రగడ్డ పేరెత్తుతారు. అక్కడి పిచ్చాసుపత్రి వల్ల ఆ ఊరి పేరే తిట్టయిపోయింది. మా ఇంట్లో మాత్రం ఆ మాట నోటి నుంచి రాకూడదని అమ్మ కట్టడి పెట్టింది. ఇన్నేళ్ళలో ఎవరమూ దాటలేదు. నేను పండుగ పూట, అమ్మ ఫొటో ముందు నిలబడి దాటాను. అన్న మిగిలిన సగం ముడి తనే పళ్ళతో పట్టి బిగించుకున్నాడు.

తర్వాతి వారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయనకు ఒక్కొక్కరితో మాట్లాడేందుకు దొరికే సమయం తక్కువ. అందుకని నెలలో ఏం జరిగిందో నేను రాసి తీసుకెళ్ళేదాన్ని. పేషెంట్ల తాలూకు వాళ్ళందరూ ఇలా రాసుకొస్తే బాగుండునని ఆయన ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. దాంతో నాకు రెక్కలొచ్చాయి. పాతవీ కొత్తవీ అన్నీ కలిపి, మొదటి పేజీలో సారాంశం పెట్టి, పుస్తకంలా బైండింగ్ చేయించాలనుకున్నాను.

చిత్తు ప్రతిలో అన్న మాట రాశాను. ‘కొత్త గోలీ వేసుకున్నప్పటి నుంచి కాళ్ళు కూర్చోనివ్వడం లేదంటున్నాడు.’ అది ఏడో పాయింటు. సాఫు ప్రతి రాసేటప్పుడు అక్కడ పెన్ను ఆగింది. ఇది చదివితే డాక్టరు గోలీ తగ్గిస్తాడు. తగ్గిస్తే మళ్ళీ రైతుబజారే. ఆ పాయింటు వదిలేసి తర్వాతి దానికి ఏడు నంబరు వేశాను. ‘రోజంతా తిరుగుతున్నాడు. చిరాకు పెరిగింది. లోపల ఎవరో గుంజుతున్నారంటున్నాడు.’ గుంజుతున్నట్టుంది అన్నవాణ్ణి, గుంజుతున్నారు అన్నవాణ్ణి చేశాను. మరిచిపోయానని చెప్పుకోవడానికి లేదు. ఆ చిత్తు కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

పొద్దున క్లాసుకు పోతూ సాఫు ప్రతిని భాయ్ చేతికిచ్చాను. అన్న అప్పుడు చాయ్ తేవడానికి వెళ్ళాడు. భాయే చేస్తాడనుకున్నాననడం కూడా అబద్ధమే, ఎవరు చేస్తారన్న ఆలోచనే రాలేదు. సాయంత్రానికి పుస్తకం తయారుగా ఉంది. పైన ప్లాస్టిక్ అట్ట, కింద నల్ల అట్ట, చివర్లో కొన్ని తెల్ల కాగితాలు. రన్నింగ్ నోట్సుకు ఆ షాపులో అలా తెల్ల కాగితాలు కలపడం రివాజు. చదువుకునేవాళ్ళు సొంతంగా ఏమైనా రాసుకుంటారని అన్నే ఆ అలవాటు పెట్టాడు. వాటి అంచులు చూసి, బాగుందనుకుని సంచిలో పెట్టుకున్నాను.

క్లినిక్‌లో నేను బెంచీ మీద చోటు పట్టుకుని కూర్చుంటే, అన్న మెట్లు దిగి రోడ్డు దాకా, రోడ్డు నుంచి మెట్లెక్కి పైకి తిరుగుతూనే ఉన్నాడు. మా వంతు వచ్చింది. నేను డెమో క్లాసు చెప్పినట్టు గడగడా చెప్పాను. డాక్టరు మొదటి పేజీ చదివి నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

“ఈ తిరగడం మందు మార్చాక మొదలైందా అండీ?”

“ఇంతకు ముందు కూడా ఉండేది సార్. మూడేళ్ళ కింద ఇట్లనే మొదలైంది,” అన్నాను.

అది పూర్తి అబద్ధం కాదు. నిజం మాత్రం కానే కాదు. అన్న నా కుర్చీ వెనకే నిలబడి కాళ్ళు మారుస్తున్నాడు. డాక్టరు అన్న వైపు తిరిగి, మీరేమైనా చెబుతారా అని అడిగాడు. అన్న బల్ల మీది పుస్తకం వైపు చూశాడు.

“అండ్ల ఉంది సార్,” అన్నాడు.

నా నోట్సును తనే ఒప్పుకున్నాడని పొంగిపోయాను. డాక్టరు తలూపి, పుస్తకం నాకిచ్చి, గోలీ మోతాదు పెంచాడు.

ఆ తర్వాతి రోజులు రాయడానికి నాకు మనసొప్పదు, అయినా రాయాలి. ఇల్లు సరిపోక అన్న రోడ్డెక్కాడు. పని అయిపోగానే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మెట్రో లైను కింద నడిచిపోయి, వెనక్కి నడిచొచ్చేవాడు. కొత్త చెప్పుల మడమలు నెలలోపే అరిగిపోయాయి. పాదాలకు బొబ్బలు లేచాయి. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి కాళ్ళు పెట్టుకోమంటే, ఆ బకెట్లో కూడా కాళ్ళు అడుగులు వేస్తూనే ఉన్నాయి. నీళ్ళన్నీ చిందిపోయాయి. నేల తుడుస్తూ నేను విసుక్కున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం తెలియకుండా వెనకాలే వెళ్ళాను. తనలో తను మాట్లాడుకుంటున్నాడేమో, చేతులు తిప్పుతున్నాడేమో చూడాలని. అలాంటిదేమీ లేదు. అందరిలాగే సిగ్నల్ దగ్గర ఆగాడు, బండ్లు చూసుకుని దాటాడు. పంజాగుట్ట దగ్గర బస్‌స్టాపులో బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు, తొడల మీద రెండు చేతులూ గట్టిగా అదిమి. మళ్ళీ లేచి ఇంటి దారి పట్టాడు. కళ్ళారా చూశాను. అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మోతాదు ఇంకా పట్టలేదు, ఇంకో వారం చూడాలి అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, నిలబడే, మామూలు గొంతుతో, ఈ కాళ్ళు తీసేస్తే మంచిగుండు చెల్లె అన్నాడు. అప్పుడు కూడా ఏం మాటలవి అని గద్దించాను తప్ప, ఎంత బాధగా ఉంటే అలా అంటాడని అడగలేదు.

మర్నాడు నోట్సు ఇవ్వడానికి వెళితే భాయ్ నన్ను షాపు పక్కకు పిలిచాడు. అప్పటికే ఆయన చిల్లుల మిషన్‌ను ఎత్తు బల్ల మీదికి మార్చాడు, అన్న నిలబడి పని చేసుకునేలా. మీ అన్నకు జబ్బు తిరిగొచ్చినట్టు నాకు అనిపించట్లేదు, డాక్టరుకు ఒకసారి మళ్ళీ చూపించండి అన్నాడు. జబ్బు సంగతి మీకేం తెలుసని నేను కస్సుమన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

“బురా నక్కో మానో మేడం, ఏమనుకోకుండ్రి. నాకు జబ్బు తెల్వదు. రోజు మనిషిని చూస్తున్న. మనసు ఖరాబై తిరిగేటోడు కుర్చీ దిక్కు చూడడు. మీ అన్న పొద్దుందాక కుర్చీ దిక్కే చూస్తుండు.”

క్లాసుకు పోకుండా ఎదుటి మెట్ల మీద నిలబడి చూశాను. అన్న మీట నొక్కాడు, కాళ్ళు మార్చాడు. చుట్ట తిప్పాడు, కాళ్ళు మార్చాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని వీపు మీద చెయ్యి వేశాడు, కూర్చున్నాడు, లేచాడు. ఆ కుర్చీని చూసిన చూపు ఆకలైన మనిషి అన్నాన్ని చూసే చూపు. ఇంటికి పోయి అలమరలోంచి చిత్తు కాగితం తీశాను. ఏడో పాయింటు అక్కడే ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే, మా తేదీ కాకపోయినా, అన్నను తీసుకుని పంజాగుట్ట వెళ్ళాను. డాక్టరు ముందు ఆ చిత్తు కాగితం పెట్టాను. ఆయన చదివి, అన్న కాళ్ళ వైపు చూసి, నా వైపు తిరిగాడు.

“పోయినసారి ఇదే అడిగానండీ మిమ్మల్ని. ఆయన మీకు చెప్పారా?”

“చెప్పిండు సార్. నేనే తీసేసిన.”

తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన అన్నను కూర్చోమని, లేవమని, మళ్ళీ కూర్చోమని, ఎప్పటి నుంచి ఎలా ఉంటోందో అన్ననే అడిగాడు. అన్న చెబుతుంటే మధ్యలో అందుకోబోయిన నన్ను చేత్తో ఆపాడు. ఇది జబ్బు కాదని, ఈ రకం మందులు కొందరికి ఇలా కాళ్ళు నిలవనివ్వవని, మోతాదు పెంచితే ఇది కూడా పెరుగుతుందని చెప్పాడు. గోలీ తగ్గించి, ఈ తిరుగుడు తగ్గడానికి ఇంకొకటి రాశాడు. సొంతంగా ఏదీ మానొద్దని, ఏదనిపించినా వెంటనే వచ్చి చెప్పమని అన్నతోనే అన్నాడు. అన్న సరే సార్ అన్నాడు.

తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. ముందు పంజాగుట్ట నడక మానింది, తర్వాత బాల్కనీ నడక. నెల తిరిగే లోపు ఒక సాయంత్రం అన్న బాల్కనీలో స్టూలు మీద కూర్చుని సగం గ్లాసు చాయ్ తాగాడు. మిగిలిన సగం పోసుకొచ్చేసరికి ఇంకా కూర్చునే ఉన్నాడు. గ్లాసిచ్చి వంటింట్లోకి పోయి, గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను. నేను భయపడ్డట్టు గొంతులు రాలేదు. రైతుబజారూ రాలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దగ్గర పడింది. ఈసారి అన్న చెప్పింది చెప్పినట్టు రాయాలని పుస్తకం తీసుకుని కూర్చున్నాను. కొత్త కాగితాలెందుకు, చివర్లో తెల్లవి ఉన్నాయిగా అనుకుని, వెనక వైపు నుంచి తిప్పాను. నా నోట్సు పూర్తయిన చోట, మొదటి తెల్ల కాగితం తెల్లగా లేదు. వణుకుతో అక్షరాలు పైకి కిందికి పోయాయి, అయినా అన్న రాతేనని తెలిసిపోయింది.

‘డాక్టర్ సాబ్‌కు. కొత్త గోలీ ఏసుకున్నప్పటి సంది కాళ్ళు ఊకుంటలేవు. నాకు గొంతులు ఇనిపిస్తలేవు. గోలీ మానలేదు, మాన. జర చూడండ్రి. మా చెల్లె ఇది రాయలేదు, మర్చిపోయి ఉంటది. ఆమెను ఏమనకుండ్రి. మంచిగ చూస్కుంటది.’

ఆ పుస్తకాన్ని నేను పంజాగుట్టకు మోసుకెళ్ళాను. డాక్టరు ముందు పెట్టాను. అండ్ల ఉంది సార్ అని అన్న చెప్పినప్పుడు ముందు కుర్చీలో కూర్చుని పొంగిపోయాను. తనను గురించి నేను రాసిన ప్రతి పేజీ చదివి, చిల్లులు వేసి, చుట్ట తిప్పి, ఒక్క మాట అనకుండా నా చేతికందేలా చేసింది అన్నే. గోలీ పెంచిన తర్వాత ఎన్ని రోజులు ఆ కాళ్ళ మీద తిరిగాడో ఆ రోజులన్నిట్లో ఈ కాగితం మా అలమరలోనే ఉంది.

పుస్తకం పట్టుకుని కిందికి దిగాను. అన్న షాపులో కుర్చీలో కూర్చుని ఎవరివో నోట్సు బైండింగ్ చేస్తున్నాడు. ఆ పేజీ తెరిచి ముందు పెట్టాను. చూసి, మళ్ళీ చుట్ట తిప్పుకున్నాడు.

“అండ్లనే ఉందని చెప్పిన గద,” అన్నాడు.

“నేను మర్చిపోలేదు అన్నా. కావాలనే తీసేసిన.”

“ఎరుకే.”

“మరి మర్చిపోయిందని ఎందుకు రాసినవ్?”

“డాక్టర్ నిన్ను తిడ్తడేమోనని.”

చుట్ట చివరి చిల్లు దాకా తిప్పాడు. కొస కత్తిరించి మడిచాడు. తర్వాత లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చి నా పక్కన వేసి, కూసో చెల్లె, చాయ్ తాగిపో అన్నాడు. కుర్చీ నా పక్కనే ఉంది. నేను నిలబడే ఉన్నాను.